భూమిని ప్రేమించే ప్యాకెట్టు

బిస్కెట్ల కంపెనీ వారి ప్యాకెట్టు వచ్చే సంవత్సరం మొదటి తేదీ ఉదయం తొమ్మిది గంటల నుంచి భూమిని ప్రేమించడం ప్రారంభిస్తుందని నోటీసు బోర్డులో ప్రకటన వెలిసింది. అంతవరకూ భూమి మీద దానికి ఎలాంటి అభిప్రాయం ఉండేదో అందులో రాయలేదు. ప్రేమకు విధివిధానాలు ఖరారు చేయడానికి పదకొండు మందితో ఒక సంఘం వేశారు. పది మంది జన్మలో ఒక్క ప్యాకెట్టూ తయారుచేసి ఎరుగరు. అందుకని వాళ్ళు నిష్పాక్షికంగా ఉంటారని వాళ్ళకు ఓటు ఇచ్చారు. పదకొండో మనిషి ప్యాకింగ్ ఇంజినీరు. ఆవిడకు విషయం తెలుసు గనుక ఎటో ఒకవైపు మొగ్గే ప్రమాదం ఉందని ఓటు లేకుండా కూర్చోబెట్టారు. ఎక్కడైనా ఆర్నెల్లు ఉద్యోగం చేసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు.

ఇంజినీరమ్మ గది ప్యాకింగ్ హాలును ఆనుకుని ఉంటుంది. పొడవాటి బల్ల, సీలు బిగువు కొలిచే యంత్రం, గోడ నిండా క్లిప్పులకు వేలాడే, ప్యాకెట్లు చేసే ప్లాస్టిక్కు ఫిల్ము ముక్కలు, ఒక్కో ముక్క మీద తేదీ. మూడేళ్ళుగా ఆవిడ ఒకే పని మీద ఉంది. మామూలు బిస్కెట్ ప్యాకెట్టు మనకు ఒకటే పల్చటి కాగితంలా కనిపిస్తుంది గానీ నిజానికి మూడు పొరలు. పైన అచ్చు వేసేది ఒకటి, మధ్యలో వెండిలా మెరిసేది ఒకటి, లోపల సీలు అతుక్కునేది ఒకటి. మూడింటినీ జిగురుతో కలిపేశాక విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ మూడు పనులనూ ఒకే పదార్థంతో చేయించాలని ఆవిడ పట్టుబట్టింది. చేయించింది కూడా. ఆ ఫిల్ములో బిస్కెట్టు ఆరు నెలలు కరకరలాడింది. యంత్రం మీద మొరాయించలేదు.

ఈ ఆలోచన ఆవిడకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆవిడ అన్నయ్య ఊరి చివర పొడి చెత్త ఏరే షెడ్డు నడుపుతాడు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు అక్కడ పొద్దున్నుంచి కూర్చుని సీసాలొక వైపు, అట్టలొక వైపు, సంచులొక వైపు ఏరి పోస్తారు. కరిగించి మళ్ళీ వాడుకునేవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. ఈ మెరిసే ప్యాకెట్లను మాత్రం ఎవరూ ముట్టుకోరు. షెడ్డు వెనక అవి గుట్టగా పెరిగిపోయాయి. పురపాలక సంఘం వారు దయతలిచి నెలకు ఒక లారీ ఎత్తుకెళ్తారు గానీ వచ్చిపడేది రెండు లారీలు. గుట్ట ప్రహరీ గోడను దాటి పక్క వీధిలోకి తొంగిచూడటంతో నోటీసు వచ్చింది. ఏడాది లోపల గుట్టను గోడకంటే కిందికి దించకపోతే షెడ్డుకు తాళం వేస్తారు. గుట్టను తయారుచేసిన వాళ్ళకు నోటీసు ఇవ్వవచ్చు కదా అని మీకు తోచవచ్చు. అంతమంది చిరునామాలు వెతకడం కష్టం. షెడ్డు చిరునామా ఒకటే.

"మూడు పొరలు పెనవేసుకున్నదాన్ని నేనేం చేసుకోనే?" అన్నాడు అన్నయ్య ఆ నోటీసు ఆవిడ చేతిలో పెట్టి. "ఒక్క పొరతో చేసి పంపు. కళ్ళకద్దుకుని తీసుకుంటా."

"చేస్తాను అన్నయ్యా" అంది ఆవిడ. అప్పటికి ఆవిడ దగ్గర ఫిల్ము సిద్ధంగా ఉంది. కంపెనీని ఒప్పించడం ఒక్కటే మిగిలిందనుకుంది. ఎంత చదువుకున్నా మనుషుల్లో కొంత అమాయకత్వం మిగిలే ఉంటుంది.

సంఘం మొదటి సమావేశంలో ఆవిడ పాత ప్యాకెట్టునూ కొత్త ప్యాకెట్టునూ పక్కపక్కన పెట్టింది. పది మందీ తిప్పి తిప్పి చూశారు. వాసన చూశారు. వెలుతురులో పెట్టి చూశారు. రెండూ ఒకేలా ఉన్నాయి.

ప్రచారాధికారి ముఖం వాడిపోయింది. ఈయన వృత్తిరీత్యా ఎప్పుడూ ఉత్సాహంగా ఉండవలసిన మనిషి. అందువల్ల ఆ వాడిపోవడం అందరినీ కలవరపెట్టింది. కొత్త ప్యాకెట్టు మంచిదే కావచ్చునని, కానీ దాని మంచితనం కంటికి కనిపించడం లేదని, కనిపించని మంచితనాన్ని టీవీలో చూపించడం ఎలాగని ఆయన బాధపడ్డారు. పక్కనే హరిత సలహాదారు ఉన్నారు. భూగోళం వేడెక్కడాన్ని అరికట్టే మార్గాల కోసం ఆ ఏడాది విమానాల్లో తొమ్మిది దేశాలు తిరిగి వచ్చిన నిపుణుడాయన. వినియోగదారుణ్ణి అడక్కుండా భూమి విషయంలో మనం తొందరపడకూడదని ఆయన సెలవిచ్చారు.

అందుచేత స్పర్శ పరీక్ష ఏర్పాటు చేశారు. వంద మంది వినియోగదారులను పిలిచి, కళ్ళకు గంతలు కట్టి, చేతికి రకరకాల ప్యాకెట్లు ఇచ్చి, వీటిలో భూమిని ప్రేమిస్తున్నది ఏదో తడిమి చెప్పమన్నారు. తొంభై ఒక్క మంది గరుకుగా, కాస్త చప్పుడు చేసే అట్టలాంటి ప్యాకెట్టును పట్టుకుని ఇదేనన్నారు. అది మూడు కాదు, నాలుగు పొరల సరుకు. అయిదుగురు ఏమీ తేల్చుకోలేకపోయారు. మిగిలిన నలుగురు కళ్ళకు కట్టిన గుడ్డే అన్నిటికంటే బాగుందన్నారు. ఇంజినీరమ్మ ఫిల్ముకు ఒక్కటంటే ఒక్క ఓటూ రాలేదు. భూమికి ఏది మంచిదో వేళ్ళు చెప్పలేవు, దాన్ని కరిగించి చూస్తేనే తెలుస్తుందని ఆవిడ మొత్తుకుంది. ఆ అభిప్రాయాన్ని మినిట్సులో గౌరవపూర్వకంగా నమోదు చేసుకున్నారు.

ఇక్కడ కంపెనీ అధినేత గురించి చెప్పాలి. అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు. ఆయనకు ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం ఉండదు. ఇంజినీరమ్మ మూడేళ్ళ శ్రమ వృథా కాకూడదని ఆయనే అడ్డుపడ్డారు. ఆవిడ ఫిల్మునే తీసుకుందాం, చిన్న చిన్న సవరణలు చేసుకుందాం అన్నారు. ఆ మాట విని ఆవిడ కళ్ళు చెమర్చాయి. బల్ల కింద ఫోను పట్టుకుని అన్నయ్యకు 'ఒప్పుకున్నారు' అని మెసేజీ కూడా పెట్టేసింది.

మొదటి సవరణ గరుకుదనం. నున్నటి ఫిల్ము మీద పల్చటి గోధుమరంగు కాగితం అతికించమన్నారు. కాగితం వచ్చాక తేమ పీల్చుకుని బిస్కెట్లు మెత్తబడ్డాయి. తేమ ఆగడానికి మధ్యలో మెరిసే పొర పెట్టారు. మెరిసే పొర కాగితానికి అంటుకోలేదు, జిగురు పొర వేశారు. జిగురు వాసన బిస్కెట్లకు పట్టింది. వాసన ఆపడానికి ఇంకో పొర వేశారు. దీని మీద ఆకుపచ్చ సిరాతో ఒక ఆకు బొమ్మ అచ్చు వేసి, ఆకు చెరగకుండా మైనంలాంటి పూత పూశారు. అటుపైన, ప్లాస్టిక్కు తక్కువ వాడామన్న సంగతిని అందరికీ కనపడేంత పెద్ద అక్షరాలతో చెప్పవలసి వచ్చింది. అక్షరాలు పట్టక ప్యాకెట్టు పొడవు రెండంగుళాలు పెంచారు. ప్రతి సవరణకూ ఆవిడ అడ్డం పడింది. ప్రతిసారీ ఆవిడ మనసు నొప్పించకుండా సవరణను ఆమోదించారు. మొత్తం మీద ఒక్క పొర ఆరు పొరలైంది. ఆ ఆరింటిలో ఆవిడ ఫిల్ము ఎక్కడో మధ్యలో ఉంది, రద్దీ బస్సులో నలిగిన మనిషిలాగా. 'ఏక పదార్థ స్ఫూర్తితో రూపొందినది' అని ప్యాకెట్టు వెనక అచ్చు వేశారు.

ఓటింగులో పదికి పది వచ్చాయి.

సంవత్సరం మొదటి తేదీన, తొమ్మిది గంటలకు రెండు నిమిషాల ముందే, పెద్దసారు వేదిక ఎక్కి ఉపన్యసించారు. "భూమి మనకు ఏమీ చెప్పదు. నోరు లేని తల్లి అది. అందుకే ఆ తల్లి తరఫున మన ప్యాకెట్టు మాట్లాడుతుంది. ఇన్నాళ్ళూ మనం బిస్కెట్లకు ప్యాకెట్టు వేశాం. నేటి నుంచి బాధ్యతకు ప్యాకెట్టు వేస్తున్నాం" అన్నారు. బాధ్యతను ప్యాకెట్టులో పెట్టి సీలు వేయడమన్నది అందరికీ నచ్చింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇంజినీరమ్మను వేదిక మీదికి పిలిచి, ప్యాకెట్టు రూపశిల్పి అని పరిచయం చేసి, గాజులాంటి ప్లాస్టిక్కుతో చేసిన ఆకు ఆకారపు జ్ఞాపిక ఇచ్చారు. ఆవిడ తల దించుకుని తీసుకుంది. వినయం అనుకున్నారు.

గోధుమరంగు ప్యాకెట్టు అమ్మకాలు ఆకాశాన్నంటాయి. నెల తిరిగేసరికి సబ్బుల కంపెనీ, కాఫీపొడి కంపెనీ, పెంపుడు కుక్కల మేత కంపెనీ అన్నీ గరుకుదనంలోకి దిగిపోయాయి. దుకాణం అరల నిండా గోధుమరంగే. ఇంజినీరమ్మ షెడ్డు వైపు వెళ్ళడం మానేసింది. అన్నయ్య ఫోను చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసేది. అబద్ధం కాదు. పనిలో ఉండి గోడ మీద వేలాడే తన ఫిల్ము ముక్కను చూస్తూ కూర్చునేది. సిగ్గుగా ఉండేది ఆవిడకు. తనది కాని పాపానికి తన పేరు పెట్టినందుకు ఒళ్ళు మండిపోయేది.

రెండో నెలలో ఒక రోజు ఆవిడ ఒక పని చేసింది. ఆవిడకు ఓటు లేకపోయినా ఒక అధికారం ఉంది. ఏ యంత్రం మీద ఏ ఫిల్ము చుట్ట ఎక్కించాలో చీటీ రాసేది ఆవిడే. పరీక్షల కోసం తెప్పించిన అసలు ఫిల్ము చుట్టలు గోదాములో ఆరు పడి ఉన్నాయి. ఉదయం షిఫ్టుకు వాటిని ఎక్కించమని చీటీ రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేసి మరీ ఇచ్చింది. నలభై వేల ప్యాకెట్లు ఒకే పొరతో తయారై, లారీలెక్కి ఊరి మీదికి వెళ్ళాయి. ఆ సాయంత్రం ఆవిడ మూడు నెలల్లో మొదటిసారి కడుపునిండా తిని నిద్రపోయింది.

వారం తిరక్కుండా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. మూడు వేల పైచిలుకు. అంతకుముందు బిస్కెట్టులో ఇనప రజను వచ్చినప్పుడు వచ్చినవి పదకొండు. కంపెనీ మళ్ళీ ప్లాస్టిక్కుకు దిగజారిందని ప్రజలు ఒంటికాలి మీద లేచారు. ఒక వైద్యుడు తన అరచేతికి నున్నదనం తగలగానే గుండె దడ పెరిగిందని రాశాడు. ఒక విశ్రాంత న్యాయమూర్తి నేరుగా ప్యాకెట్టునే సాక్ష్యంగా జతపరిచాడు. ఒక పర్యావరణ మిత్రుల బృందం వారు నల్లబ్యాడ్జీలు పెట్టుకుని బిస్కెట్లు తిన్నారు. పెద్దసారు టీవీలో చేతులు జోడించి క్షమాపణ చెప్పారు. మిగిలిన సరుకును దుకాణాల నుంచి వెనక్కి తెప్పించి, బిస్కెట్లను గోధుమరంగు ప్యాకెట్లలోకి మార్చి, దొరికిన ఒంటిపొర ఫిల్మును హరిత సలహాదారు సమక్షంలో ముక్కలు చేయించి, లోతైన గోతిలో పూడ్పించారు. ఊళ్ళో కరిగించి మళ్ళీ వాడుకోగలిగిన ప్యాకెట్టు అదొక్కటే గనుక, దాన్ని పూడ్చే కార్యక్రమం అంతా వీడియో తీశారు.

విచారణలో ఆవిడ ఏమీ దాచలేదు. చీటీ మీద సంతకం ఎలాగూ ఉంది.

"నేను చేసింది ఒక్కటే సార్" అంది. "మనం ప్యాకెట్టు మీద రాసిందాన్ని ఒక్క షిఫ్టు నిజం చేశాను."

పెద్దసారు ఆవిడ వంక జాలిగా చూశారు. "నిజం చేయమని మిమ్మల్ని ఎవరు అడిగారమ్మా?" అన్నారు. "దేనికైనా ఒక పద్ధతి ఉంటుంది."

మనసు నొప్పించడం ఇష్టం లేదు గనుక ఆయన ఆవిడను ఉద్యోగంలోంచి తీసేయలేదు. వినియోగదారుల ఉత్తరాల విభాగానికి పంపారు. ఆవిడ గదిని హరిత ధ్యాన మందిరం చేశారు. ఉత్తరాల విభాగంలో ఒక కుర్చీ, ఒక బల్ల, రెండు పెద్ద సంచులు ఉన్నాయి. ఒకదాని మీద ఫిర్యాదులు అని, ఇంకోదాని మీద సందేహాలు అని రాసి ఉంది. ఫిర్యాదులు ముందు పూర్తిచేయాలని, సంతకం తప్ప జవాబులో ఒక్క అక్షరం కూడా సొంతంగా రాయకూడదని ఉత్తర్వు. యాజమాన్యం ఆమోదించిన వాక్యాలు మూడు ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి రాయాలి. మూడు వేల మందికీ, నున్నటి ప్యాకెట్టు పంపినందుకు సిగ్గుపడుతున్నామని అర్థం వచ్చే మొదటి వాక్యాన్ని ఆవిడ తన చేత్తోనే రాసింది. నెలలు పట్టింది.

ఫిర్యాదుల సంచి అడుగు కనిపించిన రోజున అన్నయ్య ఫోను చేశాడు. షెడ్డు నోటీసు గడువుకు ఇంకా వారం ఉంది. పని ఉందని ఈసారి తప్పించుకోబుద్ధి కాలేదు ఆవిడకు. "సాయంత్రం ఒకసారి రా" అన్నాడాయన, అంతే. గొంతులో ఏమీ తెలియలేదు. తాళం ముందే వేసేశారు కాబోలనుకుంది. పద్నాలుగు మంది మొహాలు ఎలా చూడాలా అని దారంతా మథనపడుతూ వెళ్ళింది.

షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు సీసాలు ఏరుతూ నవ్వుకుంటున్నారు. అన్నయ్య ఆవిడను చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళాడు. గుట్ట గోడకంటే మూరెడు కిందికి దిగి ఉంది.

"ఆర్నెల్లుగా ప్యాకెట్లు రావడమే మానేశాయే" అన్నాడు. "లారీ ఎత్తుకెళ్తుంటే తరుగుతూ వచ్చింది. పొద్దున ఆఫీసరు వచ్చి కొలుచుకుని, నోటీసు రద్దని సంతకం పెట్టి వెళ్ళాడు. నీది కరిగిపోయే సరుకు కదా, ఎక్కడివక్కడే కరిగిపోతున్నాయని మావాళ్ళకు చెప్పాను. నువ్వేమో ఫోనెత్తవు. మాటిచ్చావు, నిలబెట్టుకున్నావు తల్లీ."

అందులో కరిగేది ఏదీ లేదని ఆవిడకు తెలుసు. ఆరు పొరలనూ ఒక్కొక్కటే ఆవిడ చేత్తో లెక్కపెట్టింది. అమ్మకాలు తగ్గాయా అంటే రెట్టింపయ్యాయి. మరి అన్ని ప్యాకెట్లు ఎటుపోతున్నట్టు? అడగాలనుకుంది గానీ అన్నయ్య కళ్ళలో మెరుపు చూసి మానుకుంది. ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ బుగ్గలు నిమిరి వెళ్ళింది. ఇంటికి వెళ్ళేదాకా ఆ చెయ్యి బరువు బుగ్గల మీదే ఉంది.

మర్నాడు ఉదయం ఆవిడ సందేహాల సంచి విప్పింది.

మొదటి ఉత్తరం ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిది. గోధుమరంగు ప్యాకెట్టును చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పక, భూమికి నేరుగా అప్పగిద్దామని గులాబీ కుండీలో పాతిపెడుతున్నానని రాశాడు. ఇప్పటికి ముప్పై రెండు అయ్యాయట. ఇంకా కరగలేదు, రోజుకు ఎన్ని చెంబుల నీళ్ళు పోయమంటారని సందేహం. రెండో ఉత్తరం ఒక అపార్ట్‌మెంటు సంఘం వారిది. ప్రతి ఆదివారం కుటుంబాలతో సహా పార్కులో చేరి, పిల్లల చేత గుంత తవ్వించి, ఇంటింటి ప్యాకెట్లూ పూడుస్తున్నారట. పార్కు నేల జానెడు ఎత్తు పెరిగింది, ఇది సారం పెరగడమేనా అని అడిగారు. ఇంకొకాయన రోజూ రైల్లో ప్రయాణం చేస్తాడు. కిటికీలోంచి ప్యాకెట్టు విసరాలంటే మునుపు తప్పు చేసినట్టుండేదని, ఇప్పుడు పుణ్యం చేసినట్టుందని, ఈ మార్పుకు కంపెనీకి కృతజ్ఞతలని రాశాడు. ఆయనకు సందేహమేమీ లేదు. నదుల్లో, కాలువల్లో, గుంటల్లో, పెరళ్ళలో, బడి ఆటస్థలాల్లో ఊరు ఊరంతా ప్యాకెట్లను భూమికి తిరిగి ఇచ్చేస్తోంది. చెత్తబుట్టలో వేసేంత కఠినాత్ములు ఎవరూ మిగల్లేదు.

ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకుంది. ఆమోదించిన వాక్యాలను పక్కన పెట్టేసింది. 'అయ్యా, అవి కరగవు. తవ్వి తీయండి. ఊరి చివర షెడ్డుకు పంపండి' అని ఉపాధ్యాయుడికి రాసింది. రాశాక చదువుకుంది. చదువుకుంటుంటే ఆవిడకు ఊరంతా గునపాలు పట్టుకుని కుండీలు, పార్కులు తవ్వుతున్నట్టు, ఆ తవ్వినదంతా లారీల కొద్దీ షెడ్డు వెనక కుమ్మరిస్తున్నట్టు, గుట్ట మళ్ళీ గోడ దాటి వీధిలోకి తొంగిచూస్తున్నట్టు కనిపించింది. ఆఫీసరు తాళం పట్టుకుని వస్తాడు. పద్నాలుగు మంది వీధిలో నిలబడతారు. అన్నయ్య ఏమీ అనడు. అదే భరించలేదు ఆవిడ.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసింది. ఆమోదించిన వాక్యాల్లో మూడోది తీసుకుని, మంచి దస్తూరితో రాయడం మొదలుపెట్టింది. 'మీ శ్రద్ధకు ధన్యవాదాలు. ప్రకృతికి తొందర ఉండదు. ఓపికగా నీళ్ళు పోస్తూ ఉండండి.'

సాయంత్రానికి రెండు వందల జవాబులు టపాలో పడ్డాయి. మిగిలినవి రోజుకిన్ని చొప్పున వెళుతున్నాయి. మీది కూడా ఈపాటికి అంది ఉండాలి. కుండీలో ఏమైనా తేడా కనిపిస్తోందా?